మా చిన్నమామ చూపిన ఒడ్డు

మా చిన్నమామ పోయిన సంగతి నాకు కోరుట్ల బస్టాండులో తెలిసింది. శనివారం పూజకు తులసిమాల, వత్తులు, రెండు కొబ్బరికాయలు కొనుక్కొని ఊరికి పోయే ఆటో కోసం నిలబడి ఉన్నాను. మా ఊరి ఆటో ఆయన నన్ను చూసి బండి పక్కకు ఆపాడు.

"అక్కా, గీడున్నవా? జల్ది ఎక్కు. మీ చిన్నమామ లేడంట."

"యాడికి పోయిండు?" అని అడిగాను.

చిన్నమామ ఎప్పుడూ ఏదో ఒకటి చూసి రావడానికి పోయే మనిషే. అన్నానికి పిలిస్తే ఏ పొలం గట్టు మీదో, ఏ చీమల పుట్ట ముందో కూర్చొని ఉండేవాడు. అందుకే నా నోట ఆ మాట వచ్చింది. ఆటో ఆయన బండి దిగాడు. నా చేతిలో సంచి తీసుకొని లోపల పెట్టాడు. అప్పుడు అర్థమైంది.

పొద్దున నేను పెట్టిన మక్కగట్క, అంటే మొక్కజొన్న సంకటి, తిని, చెంబు కడిగి బోర్లించి, మంచంలో ఒరిగాడట. మళ్లీ లేవలేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. "ఎవలను తిప్పలవెట్టలే, అదృష్టవంతుడు" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. అనుకుంటూనే మూడు రోజుల పాటు పొద్దున గట్క రెండు గిన్నెల్లోకి తీశాను.

ఆయన మా మామగారి తమ్ముడు. చిన్నత్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. మా ఇంటిని ఆనుకొని ఉన్న అర్రలో ఉండేవాడు, తిండి మా దగ్గరే. నా భర్త పెళ్లయిన కొన్నేళ్లకే మస్కట్ పోయాడు. ఒక్కగానొక్క బిడ్డను సిరిసిల్ల ఇచ్చాం. ఈ ఇంట్లో ఎక్కువ కాలం మాట్లాడుకున్నది మేమిద్దరమే.

నేను రాసే మనిషిని కాను. పదో తరగతి చదివాను. పొద్దున సహస్రనామం, తర్వాత పేపరు, అంతకు మించి అక్షరాలతో నాకు పని లేదు. కానీ దినాల నాడు మన ఊరి యువజన సంఘం పిల్లలూ, మీరు కట్టిన ఫ్లెక్సీ చూశాక కలం పట్టక తప్పలేదు. ఆయన ఫొటో కింద "మొదటి రోజు నుంచీ వాగు కోసం తల వంచని మనిషి" అని రాయించారు. మీది ప్రేమే, నాకు తెలుసు. ఆయన గురించి తెలిసినవాళ్లు తలా ఒక కాగితం రాసి ఇవ్వమని కూడా అడిగారు. అందుకే చెబుతున్నాను. ఫ్లెక్సీ మీద మాట నిజం కాదు. మొదటి రోజు ఆయన తల వంచాడు. నా కోసం వంచాడు. వంచాడన్నది ఊరు మరిచిపోయింది, ఎందుకు వంచాడో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన వాగు పొడుగునా ఈతచెట్లు గీసేవాడు. పొద్దు పొడవకముందే మోకు భుజానికి తగిలించుకొని పోయేవాడు. ఒకరోజు నేను సద్ది తీసుకొని పోయాను. ఒక చెట్టు బోదెకు కింది నుంచి మీది దాకా నరికిన గుర్తులు ఉన్నాయి, ఒకటి ఈ పక్క, దాని మీదది ఆ పక్క. కొత్త కోడలిని, మామగారి వరస మనిషితో మాట్లాడాలంటే సిగ్గు. అయినా ఆపుకోలేకపోయాను.

"గివేంది మామా? ఎక్కనీకి మెట్లా?"

ఆయన చెట్టు దిగి, కల్లు లొట్టి పక్కన పెట్టి, నన్ను కాదు, చెట్టును చూశాడు. నేను అడిగిన ప్రశ్న చెట్టు అడిగినట్టు.

"మెట్లు కావు బిడ్డా, ఏండ్లు. ఒక ఏడు గీ పక్క గీస్తం. మల్ల గీసేటప్పుడు గా పక్క. కింది గీత పాతది, మీదిది కొత్తది."

"మరి చెట్టు పెరుగుతది కద. గీతలు గూడ మీదికి పోవా?"

"పోవు. చెట్టు కొసకే పెరుగుతది. గీత గీసిన కాడనే ఉంటది. మనం చేసిన పని ఎటూ పోదు."

మా ఇంట్లో అప్పటిదాకా నా ప్రశ్నకు అంత పెద్ద జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నాకు అడగటం అలవాటైంది. నాకంటే ఎక్కువ ఆయనకు. మస్కట్ నుంచి ఫోను వస్తే నా తర్వాత తీసుకొని, తన అన్న కొడుకును క్షేమం అడగకముందే "అక్కడ ఇప్పుడు ఎండ యాడున్నది?" అని అడిగేవాడు. అక్కడ పొద్దు ఇక్కడికంటే వెనక ఉంటుందని తెలిసినప్పటి నుంచి ప్రతిసారీ అదే ప్రశ్న. "మనం వాడుకున్న పొద్దునే వాళ్లు వాడుకుంటున్నరు బిడ్డా" అని నవ్వేవాడు. వంటింట్లో ఉప్పు డబ్బా చూసి, "గిది ఏ సముద్రంది?" అనేవాడు. ఎవరైనా ఇల్లు కూలిందనో, కుంట తెగిందనో చెబితే అయ్యో అనేముందు అడిగేది ఒకటే: "నీళ్లు ఎటునుంచి అచ్చినయి?"

చెట్లు ఎక్కడం మానేశాక పొద్దున్నే నా ఎదురుగా కూర్చొని పేపరు చదివించుకునేవాడు. ఒకరోజు చెరువులు, వాగుల పక్కన కట్టిన ఇళ్ల గురించి వార్త వచ్చింది. అందులో బఫర్ అనే మాట నాలుగుసార్లు ఉంది.

"బఫర్ అంటే ఏంది?"

నాకు తెలియదు. బిడ్డకు ఫోన్ చేసి అడిగి చెప్పాను. వాగు ఒడ్డు నుంచి కొంత దూరం ఎవరూ ఏమీ కట్టకుండా వదిలిపెట్టాలట, మన వాగులాంటి వెడల్పు వాగుకైతే తొమ్మిది మీటర్లట. ఆయన మా అరుగు వైపు చూశాడు.

"అంటే వాగుకు అరుగన్నట్టు. మనింటికి చుట్టాలు ఎక్కువస్తే అరుగు మీద కూసుంటరు. అరుగు లేకుంటే ఏం చేస్తరు? పొయ్యి కాడికస్తరు."

ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నాకు లోపల ఏదో తగిలింది. ఎందుకంటే అప్పటికి మేము వాగు పక్కన ప్లాటు కొని ఉన్నాం.

రుద్రంగి పోయే తోవలో, వాగును ఆనుకొని వెంచర్ వేశారు. వాగు వైపు చివరి వరసలో తూర్పు ముఖం ప్లాటు మాది. నా భర్త ఇన్నేళ్ల కష్టం అది. ఆయన వచ్చేసరికి సొంత ఇల్లు, అందులో ఈశాన్యాన పూజగది, కిటికీలోంచి వాగు కనబడాలని నా కోరిక. దేవుడి దగ్గర కూర్చొని నేను ఆ కిటికీని ఎన్నిసార్లు తలుచుకున్నానో. పూజలో తలుచుకోకూడదని తెలిసి కూడా.

వెంచర్ వాళ్లు వాగులోకి మొరం పోసి కట్టలాగా చేశారు. ఆ కట్టే ఒడ్డు అన్నారు. కట్టను ఒడ్డు అనుకుంటే తొమ్మిది మీటర్లు కట్ట మీద, తోవ మీద అయిపోతాయి, నా ప్లాటు బయట పడుతుంది. పాత ఒడ్డు మాత్రం కట్టకు చాలా ఇవతల, ప్లాట్ల నడుమ మిగిలిన నాలుగు ఈతచెట్ల వరస. దాన్ని ఒడ్డు అనుకుంటే నా ప్లాటు మొత్తం వాగులోనే. రెండిట్లో ఏది ఒడ్డో తేల్చి హద్దురాళ్లు పాతాలని, అప్పటిదాకా ఎవరికీ ఇంటి పర్మిషన్ ఇవ్వమని పంచాయతీ వాళ్లు అన్నారు. సర్వేయర్‌ను పిలిచారు. వాగు పక్కన బతికిన పాతమనిషి కాబట్టి ఒడ్డు చూపించడానికి మా చిన్నమామను రమ్మన్నారు.

ముందు రోజు పొద్దున పేపరు చదవడం అయ్యాక ఆయన లేవలేదు.

"బిడ్డా, రేపు ఒడ్డు యాడున్నదని నన్ను అడుగుతరు. నేనేం చెప్పాలె?"

నేను వత్తులు చేసుకుంటున్నాను. తలెత్తలేదు.

"నీ ఇష్టం మామా" అన్నాను.

ఆడవాళ్లకు ఈ మాట సంగతి తెలుసు. మా ఇళ్లల్లో కోడళ్లు వద్దని నోరు తెరిచి చెప్పరు. నీ ఇష్టం అంటారు. పెద్దవాళ్లు దాన్ని వద్దనే వింటారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదని ఊళ్లో మంచిపేరు ఉంది. ఆ రోజు నా మెత్తదనంతోనే నేను ఆ ముసలాయన నోరు కట్టేశాను.

మర్నాడు ఎండాకాలం ఎండ. వాగులో ఇసుక తప్ప నీళ్లు లేవు. పది పదిహేను మంది చేరారు. మేము ఆడవాళ్లం దూరంగా నిలబడ్డాం. సర్వేయర్ టేపు పట్టుకొని అడిగాడు, "పెద్దమనిషీ, ఒడ్డు యాడ?"

మామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యెత్తి మొరం కట్ట చూపించాడు.

"గిదే."

అంతే. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి కారణం వాళ్లకుంది, ఎవరూ కాదనలేదు. రాళ్లు పాతారు. ఇంటికి వచ్చి దీపం పెట్టాను. దేవుడు నా ఇల్లు నిలబెట్టాడనే అనుకున్నాను.

ఆ తర్వాత వారం పది రోజులకు గానీ నాకు తెలియలేదు. మామ అడగడం మానేశాడు. పేపరు చదివితే వింటాడు, అయిపోగానే లేచిపోతాడు. ఫోను వస్తే "బాగున్నవా కొడుకా" అని తిరిగి నా చేతికి ఇచ్చేస్తాడు. మస్కట్‌లో ఎండ ఎక్కడుందో ఆయనకు అక్కర్లేకపోయింది. నేనే కావాలని అడిగేదాన్ని, "మామా, గీ పురుగేంది? మామా, గీ మబ్బు వానదేనా?" అని. "ఏమో బిడ్డా" అనేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

వానలు మొదలయ్యాక సిరిసిల్ల నుంచి బిడ్డ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. కింద అల్లుడి రెండు సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, మోటార్లతో సహా మునిగాయి. మేమిద్దరం బస్సులో పోయాం. గోడల మీద నడుం ఎత్తున బురద గీత. బిడ్డ నన్ను పట్టుకొని ఏడుస్తుంటే మామ గుమ్మంలో నిలబడి, ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి అడిగాడు.

"నీళ్లు ఎటునుంచి అచ్చినయి బిడ్డా?"

నా బిడ్డకు కోపం వచ్చింది. "తాతా, గిప్పుడు గది అవసరమా? ఎటునుంచస్తే ఏంది, మునిగింది గద!"

"అవసరమే బిడ్డా" అని చెప్పులు వేసుకున్నాడు. ఒక్కడే పోతాడేమోనని నేనూ వెంట నడిచాను. కాలువ వెంట పైకి పోయాం. మూడు సందులు దాటాక ఒకచోట కాలువ సగమైంది. ఒక ఇంటి ప్రహరీ కాలువ అంచు మీదనే లేచి ఉంది. అక్కడ నీళ్లకు తోవ చాలక సందులోకి తిరిగాయి. ఆ గీతలు గోడల మీద ఇంకా తడిగానే ఉన్నాయి.

మేము చూస్తుంటే ఆ ఇంటామె బయటికి వచ్చింది. నా ఈడే. నుదుట కుంకుమ, చేతిలో పూలసజ్జ. మేము ఎవరి ఇంటివాళ్లమో చెబితే అయ్యో అని కుర్చీలు వేసింది, చాయ్ ఇచ్చింది. ఆమె పూజగది తలుపు తెరిచే ఉంది. చక్కటి కిటికీ, అవతల కాలువ.

"మాకు పర్మిషన్ ఉన్నదమ్మా" అంది, మేము అడగకముందే. "రూల్ ప్రకారమే కట్టినం. కొలిచినప్పుడు కాలువ గంతనే ఉండె."

ఆమె అబద్ధం చెప్పలేదు. నేను ఆ చాయ్ గ్లాసు పట్టుకొని కిటికీని చూస్తూ కూర్చున్నాను. ఎవరి ఇల్లు ముంచాలనీ ఆమె కట్టుకోలేదు. దేవుడికి కట్టుకుంది. నాలాగే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేనే అడిగాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ అడగలేదు.

"మామా, ఒడ్డు గది కాదు కద?"

"కాదు."

"మరి ఎందుకు చెప్పినవ్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా ఇష్టం అన్నవ్ గద బిడ్డా. నా ఇష్టం నువ్వు సల్లగుండుడు" అన్నాడు. నా వైపు తిరిగి, "తప్పే. మనిషి మొకం జూసి ఒడ్డు చెప్పద్దు" అన్నాడు.

ఆ సోమవారం నేను జగిత్యాల కలెక్టరాఫీసుకు పోయాను, ప్రజావాణికి. జీవితంలో మొదటిసారి నా చేత్తో దరఖాస్తు రాశాను. మామ వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. వరసలో నిలబడితే బల్ల దగ్గరి ఆయన కాగితం చదవకుండానే అడిగాడు.

"సమస్య ఏందమ్మా?"

"వాగు ఒడ్డు తప్పు పెట్టిండ్రు సార్. మల్ల కొలవాలె."

"ఎవరన్నా అండ్ల ఇల్లు కట్టిండ్రా?"

"కట్టలే సార్. కట్టాలని చూస్తున్నరు."

"ఎవరు? పేరు చెప్పు."

"నేనే సార్."

ఆయన కలం కింద పెట్టాడు. "అంటే నీ మీద నువ్వే దరఖాస్తు పెట్టుకుంటున్నవా?"

నా వెనక పింఛను కోసం వచ్చిన ముసలమ్మ నా భుజం తట్టింది. "గదేందవ్వా! మేమందరం మాకు రావాలెనని అస్తే, నువ్వు ఉన్నది పోవాలెనని అచ్చినవా? నీకు మొక్కాలె." వరసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రం నా భర్తకు చెప్పాను. "గిన్నేండ్లు ఎండల నిలవడ్డ. నన్నొక మాట అడగాలెగద" అన్నాడు. అది న్యాయమే. అడిగితే వద్దంటాడని అడగలేదు. మామ నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"తప్పు నాదిరా కొడుకా. మొదటినాడే నేను సక్కగ చూపెడితే నీ పెండ్లాం ఇయ్యాల జగిత్యాల దాక పోవుడు ఉండకపోవు."

అవతల నుంచి ఏం జవాబు వచ్చిందో నాకు వినబడలేదు. మామ మాత్రం, "తిన్న తిన్న. నువ్వు తిన్నవా?" అన్నాడు. తర్వాత, "అక్కడ ఎండ యాడున్నది?" అని అడిగాడు. నేను లోపలికి పోయి దేవుడి ముందు కూర్చున్నాను.

రెండోసారి కొలవడానికి వచ్చినప్పుడు సర్వేయర్‌తో పాటు నీటిపారుదల ఇంజనీరు కూడా వచ్చాడు. ఈసారి ఊరు ఊరంతా చేరింది. మామ ఈతచెట్ల వరస చూపించాడు. సర్వేయర్‌కు చిరాకేసింది, వేయదా మరి.

"పోయినసారి కట్టే ఒడ్డన్నవ్. ఇయ్యాల చెట్లంటున్నవ్. ఏ మాట నమ్మాలె నేను?"

వెంచర్ మనిషి అందుకున్నాడు. "తాతా, ఇయ్యాల ఎన్ని లొట్లు తాగి అచ్చినవే?"

"నేను తాగేటోణ్ణి కాదు బిడ్డా, తాపేటోణ్ణి. నీకు గూడ మీ నాయన వెంట అచ్చినప్పుడు నేనే పోసిన."

జనం గొల్లుమన్నారు. మామ నవ్వలేదు. సర్వేయర్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "పోయినసారి నేను అబద్ధమాడిన సార్. నన్ను నమ్మకు. చెట్టునడుగు."

ఒక గడ్డపార, ఒక పార తెప్పించాడు. నా ప్లాటు మూలకు ఉన్న ఈతచెట్టు మొదట్లో తవ్వమన్నాడు. మీద జానెడు ఎర్రమొరం, అది వెంచర్ వాళ్లు పోసింది. దాని కింద రంగు మారింది. మెత్తటి ఒండ్రు, దాని కింద ఇసుక, మళ్లీ ఒండ్రు, దొంతర పెట్టినట్టు. మధ్యమధ్య చిన్న చిన్న నత్తగుల్లలు. ఇంజనీరు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మోకాలి లోతు పోయాక మామ చెయ్యి పెట్టి ఆపమన్నాడు. తానే గుంతలో కూర్చొని, బోదెకు అంటిన మట్టిని వేళ్లతో తుడిచాడు. మట్టి లోపల చెట్టుకు గీత ఉంది. దాని కింద, ఆ పక్కన, ఇంకొకటి.

"సార్, గౌడోడు చెట్టును నేల మీద గీస్తడా, నేల లోపట గీస్తడా?"

సర్వేయర్ గుంతలోకి వంగి చూశాడు.

"గీసినప్పుడు నేల గా కింద ఉండె. గీత ఎటూ పోదు. నేలనే మీదికచ్చింది. గీ మట్టి ఎవలు మోసుకచ్చిండ్రు? మొరం బండి మోయలే. వాగు మోసింది. గీడిదాక అచ్చి, కూసోని, దింపిపోయింది. వాగు యాడిదాక అస్తదో గదే ఒడ్డు గద సార్?"

ఇంజనీరు గుంతలోకి దిగాడు. ఆయన కూడా చదువుకునే పిల్లవాడిలా ఆ గీతను తడిమి చూశాడు. "గిది ఎప్పటిది తాతా?" అని అడిగాడు. మామ అప్పుడు దాన్ని సరిగా చూశాడు. బొటనవేలితో గీత వాలు వెంట రాశాడు. ఆయన ముఖం మారింది.

"గిది నా చెయ్యి కాదు. వాలు ఎడమకున్నది. మా బాపు ఎడమచేత్తోని గీసేటోడు."

గుంతలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. ఎవరూ తొందర పెట్టలేదు. వెంచర్ మనిషే చెయ్యిచ్చి పైకి లాగాడు, అది కూడా రాయాలి.

రాళ్లు ఇవతలికి జరిగాయి, మొరం కట్టను తీసేశారు. ఈతచెట్ల వరస నుంచి తొమ్మిది మీటర్లు. నాది, ఇంకా ఐదుగురివి పోయాయి. వెనక వరసలో ప్లాటు మార్చి ఇస్తామని వెంచర్ వాళ్లు అన్నారు, ఇప్పటికీ ఇవ్వలేదు. ఆ ఐదుగురిలో ఇద్దరు నాతో ఇప్పుడు మాట్లాడరు. వాళ్ల కోపం తప్పని నేను అనలేను. నేను పోగొట్టుకున్నది నా చేతులతో, వాళ్లు పోగొట్టుకున్నదీ నా చేతులతోనే. ఒక్కటి మాత్రం నిజం. తర్వాతి ఏడు వాగు పొంగినప్పుడు నీళ్లు రాళ్ల దాకా వచ్చి, మధ్యాహ్నానికి వెనక్కి పోయాయి. వాగు దిగువన ఉన్న వాడకు చేరలేదు.

ఊరివాళ్లు ఆ ఖాళీ జాగాలో చెట్లు పెడదామన్నారు. మామ వద్దన్నాడు. "ఏం నాటకుండ్రి. ఏం మొలుస్తదో సూద్దాం." ఇక ఆయనకు పని దొరికింది. వారానికి రెండుసార్లు నన్ను వెంటబెట్టుకొని పోయేవాడు. ముందు తుంగ వచ్చింది. తర్వాత గునుగు, ఎవరూ చల్లకుండానే. రెండో ఏడు తంగేడు. ఒకసారి పేరు తెలియని మొలక ఒకటి కనబడింది. ఆయనకు తెలియదు, నాకు తెలియదు, పసులు కాసేవాళ్లకు తెలియదు. "మనకెరుక లేని చెట్టు గూడ మన ఊళ్లె ఉన్నదన్నట్టు" అని ఎంత సంతోషపడ్డాడో. ఆ రోజు ఇంటికి వచ్చి గట్క రెండోసారి పెట్టించుకొని తిన్నాడు.

ఒకసారి నేనే అడిగాను, ఆ గుంతలో గీతలు దొరుకుతాయని ఆయనకు ముందే తెలుసా అని.

"ఉండాలె అనుకున్న. దొరుకకపోతే ఏం జేద్దునో నాకెరుక లేదు" అన్నాడు. తర్వాత, "ఎరుక లేకనే గద తవ్వినం" అన్నాడు.

అందుకే ఆయనను ధీరుడు అనకండి. ఆయన తెలుసుకోవాలనుకునే మనిషి. ఒక్కసారి ఇంటి కోడలి ముఖం చూసి తెలిసినదాన్ని దాచాడు, దాచినన్నాళ్లు ఏమీ అడగలేకపోయాడు. అబద్ధమాడిన మనిషికి ముందు పోయేది ప్రశ్నేనని నేను ఆయనను చూసి నేర్చుకున్నాను. ఆయన అబద్ధంలో పెద్ద పాలు నాది. ఈ మాట ఊరి నడుమ నిలబడి చెప్పే గొంతు నాకు లేదు. రాయడానికి చెయ్యి ఉంది కాబట్టి రాశాను.

ఈ కాగితాలను గోడకు అంటించకండి. గ్రూపులో పెట్టకండి. పంచాయతీ ఆఫీసు బీరువాలో వాగు హద్దులు గీసిన నక్షా ఉంది, దాని మడతల్లో పెట్టి ఉంచండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, పారేయకుండా ఉంటే చాలు.

మామ పోయిన పదో రోజు మేము ఆడవాళ్లం వాగులో తలస్నానాలు చేశాం. తడిచీరలు ఆరేయడానికి ఆ ఖాళీ జాగా తప్ప వేరే చోటు లేదు. ఒకరి పక్కన ఒకరం గడ్డి మీద పరిచాం, ఎర్రవి, పచ్చవి, వెలిసిపోయినవి, ఒక రాయి దగ్గర నుంచి ఇంకో రాయి దాకా. నా చీర పరిచిన చోటు ఏదో నాకు బాగా తెలుసు. కట్టుకోని నా ఇంటి గుమ్మం అక్కడ, దేవుడు ఆ మూల. వాగు మీద నుంచి గాలి వచ్చింది. చీరలన్నీ ఒక్కసారి నేల నుంచి లేచి, నీళ్లలా ఆడి, మెల్లగా మళ్లీ గడ్డి మీద పడుకున్నాయి.